గొడుగు తాత

ఆటలో కొత్త మార్పులు వచ్చిన గంటకే అక్క ఆఫీసుకెళ్లి, ఆమె బల్ల మీద నా కీబోర్డు విసిరికొట్టాను. ఆ ఆన్‌లైన్ ఆటలో పాత్రల్ని దిద్దేది అక్కే.

"నా గొడుగు తాతని ఏం చేశావే? ఆయన గొడుగు విప్పితే జట్టంతా దాని కిందికొచ్చేది. ఇప్పుడది ఆయనొక్కడికే చాలుతోంది! ఆరేళ్లుగా తాతనే నమ్ముకున్నాను. కెప్టెన్‌గా వచ్చే వారమే నాకు ఫైనల్సు. నా నోట్లో మట్టి కొట్టావు!"

"బాగా పాతబడిపోయిన పాత్రరా. మార్చక తప్పలేదు," అంది అక్క తలెత్తకుండా.

"మార్చమని ఎవడేడ్చాడు? మా చేతిలో ఓడిన దద్దమ్మలేగా?"

"వదిలెయ్‌రా. ఇంటికెళ్లు."

"ఒక్కడి ఫిర్యాదైనా చూపించు!" నా అరుపుకి పక్క గదుల్లోవాళ్లు తొంగిచూశారు.

అక్క ఒక ఫిర్యాదు తెరిచి, కంప్యూటర్ తెరని నా వైపు తిప్పింది.

"మేం గెలుస్తున్నాం గానీ ఆడటం లేదండీ. మూడేళ్లుగా ఆ గొడుగు కింద ఊరికే నిలబడుతున్నాం. దయచేసి మార్చండి. మా కెప్టెన్‌కి మాత్రం చెప్పకండి."

కింద నాలుగు పేర్లున్నాయి, నలుగురూ నా జట్టువాళ్లే. ఇందాక నాతో ఫోన్లో అక్కని నాకంటే గట్టిగా తిట్టింది ఆ నలుగురే.