తల ముట్టుకోకూడదు

"ఇంకాస్త కుడికి, అక్కా. అబ్బే, మరీ అంత కాదు."

ఫిజీ రాజధాని సువాలో ఎయిడ్స్ అవగాహన క్యాలెండరుకి అదే చివరి ఫొటో. పొద్దుటినుంచీ కెమెరా వెనక నిలబడి సెరుకి నడుం పడిపోయింది.

"మాటలతో ఎంతసేపు తిప్పుతావు తమ్ముడూ? వచ్చి గడ్డం పట్టుకుని తిప్పరాదూ?" అంది వసీటి. ఆమెకు ఆ జబ్బు వచ్చి ఆరేళ్లు.

"పెద్దదానివి, తల ముట్టుకోకూడదు. మన ఫిజీ ఆచారం తెలియందేముంది?"

"పొద్దున ప్రచారం కోసం వచ్చి ఫొటో దిగిన పాటలావిడ నాకన్నా పెద్దదే. 'తులౌ' అని మన్నింపు అడిగి, జుట్టు కూడా సర్దావు."

సెరు చూపు దించాడు. ఆమె చేతిలోని అట్టమీద అతను రాసిన అక్షరాలే ఉన్నాయి: 'తాకితే అంటుకోదు.'

దగ్గరికి వెళ్లాడు. "తులౌ, అక్కా."

గడ్డం కింద వేలు ఆనగానే వసీటి కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువు, అక్కా."

"ఉండరా. ఫొటోకేం తొందర?"