తాడిపత్రి తూటా

"జింక నిలువునా కూలాలంటే మూడు పదిహేను రైఫిలే. ఇంకో మాట లేదు," అని లక్ష్మన్న బెంచీ మీద గట్టిగా చరిచాడు.

టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"నా గ్లాసులేం చేసినాయప్పా నిన్ను?" అంది హోటలు రామలక్ష్మమ్మ.

అది కుందుర్పి బస్టాండు. తొంభై ఎనిమిదో సంవత్సరం. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే రోజులు. తెల్లారితే చాలు, జింకలు మందలుగా చేలల్లో పడుతున్నాయి.

జింకను కొడితే జైలు. ఎలా కొట్టాలో మాట్లాడుకుంటే మాత్రం జైలు లేదు. అందుకని పంట కాపలాకు తుపాకి లైసెన్సు ఉన్న రైతులంతా పొద్దున్నే అక్కడ చేరి, మాటలతోనే జింకలను కూల్చేవారు. చేలో వాళ్ళు కాల్చేది ఆకాశంలోకే.

"నీ రైఫిలుకు ఉండేది ఒకే గుండు. తప్పితే పక్కూరి ఎద్దుకు తగుల్తాది," అన్నాడు ఆంజనేయులు. "పన్నెండు బోరులో ఎల్జీ తూటా ఏసి సూడు. ఆరు గుండ్లు. ఒకటి తప్పినా ఇంకోటి తగుల్తాది."

"దూరం పెరిగితే నీ ఆరు గుండ్లు ఆరు దిక్కులకు పోతాయి. జింక కుంటుకుంటా పోయి యాడో సస్తాది. అదేం వేటప్పా?"

"అది కంపెనీ తూటా సంగతి. నాది తాడిపత్రి తూటా!"

ఆ మాట అనేటప్పుడు ఆంజనేయులు మీసం దువ్వుకోకుండా ఉండలేడు.

కంపెనీ తూటాలు దొరకడం గగనం. కాల్చేసిన గొట్టాలనే మళ్ళీ మందుతో నింపి, మూతికి లక్క పోసి, తాడిపత్రిలో ఎవరో గుట్టుగా కట్టి పంపేవారు. బండలు తోలే లారీల్లో వచ్చేవి. కట్టేదెవరో చూసినవాడు లేడు. పదేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి తుస్సుమన్నది లేదు.

ఆంజనేయులు జేబులోంచి మూడు తూటాలు తీసి బెంచీ మీద నిలబెట్టాడు. మిగిలినవి ఆ మూడే. నాలుగెకరాల పంటకు అవే దిక్కు.

"ఏం పనితనమప్పా! కట్టినోడి చేతికి బంగారు కడియం తొడగల్ల."

బెంచీ చివర ఒక బక్కపలచటి మనిషి, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతున్నాడు. ఊరికి కొత్త.

"ఒకసారి ఇట్లియ్యన్నా, చూస్తా," అన్నాడు.

చూసి నోరెళ్ళబెట్టనీ అని ఆంజనేయులు గర్వంగా అందించాడు.

ఆ మనిషి లక్కను గోటితో తడిమాడు. ఒక్కోదాన్నీ అరచేతిలో ఎత్తి బరువు చూశాడు. ముఖం వాడిపోయింది.

"ఇవి కాల్చద్దన్నా. మంచివి కావు."

బెంచీ మీదవాళ్ళంతా అతని వైపు తిరిగారు.

"నీకెట్ల తెల్సు?" అన్నాడు ఆంజనేయులు.

"చేతికి తెలుస్తాదన్నా."

"ఎప్పుడన్నా జింకను కొట్టినావా?"

"లేదు."

"గాడిదకేం తెల్సు గంధం వాసన!" అన్నాడు ఆంజనేయులు. అందరూ పగలబడి నవ్వారు.

ఆ మనిషి నవ్వులు పట్టించుకోకుండా సంచి విప్పాడు. "ఈ మూడిటికీ ఆరు కంపెనీ తూటాలిస్తా. దుడ్లొద్దు."

ఆంజనేయులు ఛాతీ రెండింతలయ్యింది.

"చూస్తిరా! మూడుకు ఆరు! తాడిపత్రి తూటా అంటే ఇదీ! పన్నెండిచ్చినా ఇయ్యను. ఇట్ల తే."

ఆ మనిషి ఇవ్వలేదు. లక్క పెరికి, మూడు తూటాలనూ గ్లాసులు కడిగే బకెట్టులో కుమ్మరించాడు. అడ్డుకునేలోపే అయిపోయింది. నీళ్ళు నల్లబడ్డాయి. రామలక్ష్మమ్మ లబోదిబోమంది.

ఆంజనేయులు చెయ్యి లేచింది. ఆ దెబ్బకు మనిషి బెంచీ మీంచి కిందపడ్డాడు.

"నా నోట్లో మన్ను కొట్టినావు గదరా!"

ఆ మనిషి చెంప పట్టుకుని లేచాడు. ఒక్క తిట్టు తిట్టలేదు.

"కొట్టన్నా. చెయ్యి ఉండాది కాబట్టి కొడతాండావు."

ఆరు కంపెనీ తూటాలు బెంచీ మీద పెట్టి, కదులుతున్న బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి జింకలు రానే వచ్చాయి. ఆంజనేయులు సణుక్కుంటూనే ఒక కంపెనీ తూటా పైకి కాల్చాడు. మంద బెదిరి గుట్ట దాటిపోయింది. పంట నిలిచింది. అయినా మోతలో పస లేదని నలుగురికీ చెప్పుకున్నాడు.

నాలుగోరోజు పొద్దున తలారి ఆదెన్న పోలీసులు చెప్పమన్నారని బస్టాండులో తప్పెట కొట్టాడు.

"ఎవరి దగ్గరన్నా తాడిపత్రి తూటాలుంటే కాల్చద్దహో! మందు ఎక్కువ పడిందంట! కాలిస్తే తుపాకి పగిలి చెయ్యి పోతాదహో!"

ఆంజనేయులు తన కుడిచేతిని చూసుకున్నాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి.

"ఈ సంగతి పోలీసోళ్ళకెట్ల తెల్సిందన్నా?" అని ఆదెన్నను అడిగాడు.

"ఒకాయప్ప స్టేషన్‌కు పోయి చెప్పినాడు. ఉండే రెండు పాడి ఎనుములూ అమ్మి, కంపెనీ తూటాలు కొనుక్కొని, ఊరూరా తిరిగి బదులిస్తా వచ్చినాడంట. మందు ఎక్కువ పడిన యాభైలో నలభై ఆరు దొరికినాయి. ఆ నాలుగూ ఎవరు కాలుస్తారోనని నిద్ర పట్టక, దండోరా ఏయించమని పోయినాడు."

"నా చెయ్యి కాపాడింది ఆయప్పే! బకెట్లో పోసింది అందుకే!" ఆంజనేయులు నుదురు కొట్టుకున్నాడు. "అట్లాంటోణ్ణి కొట్టినానే. యాడుండాడిప్పుడు?"

"లోపలేసినారు."

ఆంజనేయులు గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఇదేం న్యాయమప్పా? ఊరికి మంచి చేసినోణ్ణి లోపలేస్తారా? నేను పోతా. ఆయప్ప దొరలాంటి మనిషని పదిమందిలో సాక్ష్యం చెప్తా. ఏం తప్పు చేసినాడని ఏసినారు?"

ఆదెన్న తప్పెట చంకలో పెట్టుకున్నాడు.

"ఆ తూటాలు పదేండ్లుగా కట్టేది తానేనని, ఎవరూ అడక్కుండానే చెప్పుకున్నాడప్పా."