పిస్టన్ మీద గీతలు

రెండో రంపం పిస్టన్ మీద కూడా ఎవరో గోళ్ళతో రక్కినట్టు గీతలున్నాయి.

పొడుగాయన ఇంకా దగ్గరికి వంగి చూశాడు. చెట్లు కొట్టి బతికే మనిషికి మోటారు రంపమే కుడిచెయ్యి. కిందటి నెల ఒకటి మూలపడింది. ఇప్పుడిది.

మెకానిక్ సైలెన్సర్ ఊడదీసిన కన్నంలోకి టార్చి కొట్టి మళ్ళీ చూపించాడు. "ఫిల్టర్ శుభ్రంగా ఉంది. ప్లగ్గు బాగుంది. చెయిన్ బ్రేకు ఎక్కడా పట్టెయ్యలేదు. జబ్బంతా ఇక్కడుంది. పిస్టన్ ఇలా చెక్కుకుపోయాక ఇక ఫుల్ స్పీడ్ ఎలా అందుకుంటుంది?"

"నిన్న మాను సగం తెగాక గుర్రుమని నీరసపడిపోయిందన్నా. ఎంత నొక్కినా లేవలేదు. మాను నా మీదకే తిరిగింది. వీడు తాడు లాగాడు కాబట్టి ఈ పూట నీ ముందు నిలబడ్డాను."

'వీడు' అంటే గుమ్మంలో పెట్రోలు డబ్బా పట్టుకుని నిలబడ్డ బావమరిది. చెట్టు కింద తాడు పట్టేదీ, పెట్రోల్లో ఆయిల్ కలిపేదీ అతనే. ఆయిల్ కలపని పెట్రోలు పోస్తే పిస్టన్‌కి పట్టే గతి ఇదేనని పొడుగాయనకు బాగా తెలుసు. ప్రాణం కాపాడినవాణ్ణే అనుమానించాల్సి రావడం అతనికి ముల్లులా గుచ్చుకుంటోంది.

పొద్దున భార్య గిన్నెలు తోముతూ తేల్చి చెప్పేసింది. "మళ్ళీ వాడి మీదకే తోస్తే వాడు వెళ్ళిపోతాడు. వాడి పెట్టెతో పాటు నా పెట్టే సర్దుకుంటాను. నువ్వూ నీ రంపమూ కాపురం చేసుకోండి."

"నిజం చెప్పరా," అన్నాడు పొడుగాయన. "ఆయిల్ మర్చిపోయావా?"

"నీ మీద ఒట్టు బావా! కొలిచి మరీ కలిపాను."

"నా మీద ఎందుకు, నీ మీద వేసుకో."

"నా మీద వేసుకుంటే నువ్వు నమ్మవుగా."

"కిందటి నెలా ఇదే మాటన్నావు."

"కిందటి నెలా కలిపాను కాబట్టి!"

మెకానిక్ ఒకసారి ఇతని మొహంలోకి, ఒకసారి అతని మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

బావమరిది తల వంచుకుని డబ్బా మూత తిప్పుతూ, "మీరైనా చెప్పండన్నా, నేనలాంటివాణ్ణా?" అన్నాడు. మెకానిక్ పలకలేదు. పనిలో మునిగితే ఆయనంతే. ఊళ్ళో మిగతా షాపులవాళ్ళు స్పీడు చూడ్డానికి మీటర్లు తెచ్చుకున్నారు గానీ, ఈయన ఏనాడూ వాటి మొహం చూడలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని, మోతను బట్టి కార్బురేటర్ స్క్రూ వెంట్రుకవాసి తిప్పి 'ఆ, అదీ!' అంటే ఇక దానికి తిరుగు లేదు. పొడుగాయన రంపాలు మరో చేతికి ఇచ్చిందే లేదు.

"బయటికి రండి, వెలుగులోకి," అన్నాడు మెకానిక్ హఠాత్తుగా. "మాటల్తో తేలేది కాదు. ఆ డబ్బా ఇలా ఇవ్వు."

తెల్లకాగితం మీద నాలుగు చుక్కలు పోసి ఎండలో పెట్టాడు. "పెట్రోలు ఆవిరైపోతుంది. ఆయిల్ ఎక్కడికీ పోదు. మరక మిగిలితే కుర్రాడు నిజం చెప్పినట్టు."

ముగ్గురూ కాగితం చుట్టూ గొంతుక్కూర్చున్నారు. బావమరిది ఊపిరి కూడా పీల్చడం లేదు, ఎక్కడ మరక ఎగిరిపోతుందోనని. తడి ఆరింది. కాగితం మీద జిడ్డుగా, దిట్టంగా మరక మిగిలింది.

పొడుగాయనకి గుండెల మీంచి బండ దించినట్టయింది. బావమరిది వీపు మీద ఒక్కటి చరిచాడు.

"అంత ప్రేమ వద్దు బావా, వీపు విరుగుతుంది. అక్కకి ఫోన్ చెయ్యి. నీ నోటితో నువ్వే చెప్పు."

చేశాడు. అవతల భార్య గొంతు సవరించుకుని, "సరే, వేళకి భోజనానికి రండి. ఇద్దరూ," అంది. పొడుగాయన ఫోన్ జేబులో పెట్టుకుంటూ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

నవ్వు సగంలో ఆగింది.

"మరి పిస్టన్‌ని తిన్నదెవరన్నా?"

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "పెట్రోలు చాలినంత అందకపోయినా ఇంతే. ఇంజన్ పిచ్చి పరుగు తీసి మాడిపోతుంది."

"ఎందుకందదు?"

"కార్బురేటర్ స్క్రూ మరీ బిగిస్తే."

పొడుగాయన లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. స్క్రూ లోపలికి తిప్పి చూశాడు. ఇలా తిప్పాడో లేదో, అడుగు తగిలేసింది.

"ఇది దాదాపు మూసేసి ఉంది!" వెనకే వచ్చిన మెకానిక్ వైపు తిరిగాడు. "దీన్ని నువ్వు తప్ప ఇంకెవరూ ముట్టరు. రెండు రంపాలకీ సర్వీసు చేసింది నువ్వే. కావాలనే చేశావా? ఇన్నేళ్ళ స్నేహానికి ఇదా నువ్విచ్చేది? నేను నీకేం అన్యాయం చేశానన్నా?"

"ఆగు బావా," బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

మెకానిక్ స్టూలు మీద కూలబడ్డాడు. చిత్రంగా, దొరికిపోయినవాడి మొహంలా లేదది. ఎప్పటినుంచో మోస్తున్న మూట కింద పెట్టిన మనిషి మొహంలా తేటపడింది.

"కావాలని కాదు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని తిప్పాను. ఇంకా స్పీడు అందుకోలేదు, ఇంకా అందుకోలేదు అనుకుంటూ తిప్పుతూనే పోయాను. ఆ పాపం ఈ కుర్రాడి మెడకి చుట్టుకుంటుంటే చూడలేకపోయాను."

"అందుకోకపోవడమేంటన్నా? ఆ ఇంజన్ కేక వీధి చివరికి వినపడుంటుందే!" అన్నాడు పొడుగాయన.

మెకానిక్ అతని మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఏడాదిగా మీ పెదాలు చూసి మాట్లాడుతున్నాను, తమ్ముడూ."