నాలుగో పేరా

నాలుగో పేరా పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్న.

‘గడియ ఎవరు తీశారు?’

పెద్దపిల్ల కాగితాన్ని చటుక్కున బోర్లించి, పక్క బెంచీవాళ్లెవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

ఎవరి గొడవ వాళ్లది. అందరి చేతుల్లోనూ డ్రాఫ్టులే, అందరి మొహాల్లోనూ ఏడుపే.

కాలేజీలో వ్యాసరచన చెప్పే మేడమ్‌కి ఎర్రసిరా అంటే పడదు. పెన్సిలుతోనే, అదీ సన్నగా, కోప్పడకుండా అడుగుతుంది. కోప్పడినా బాగుండేది.

వ్యాసం పేరు ‘మా ఇంట్లో ఒక రోజు’. ఎవరి పుట్టినరోజో రాసి పారేస్తే పోయేది. ఏం బుద్ధి పుట్టిందో ఏమో, పదకొండేళ్ల కిందటి ఆ రోజే రాసుకుంటూ పోయింది.

అమ్మ వీధి తలుపు గడియ పెట్టి తలస్నానానికి వెళ్లడం రాసింది. గడియ టక్కుమని పడ్డ చప్పుడు కూడా రాసింది. ఆ తర్వాతి పేరాలో మూడేళ్ల చెల్లి రోడ్డు మీద, వ్యాను కింద.

చెల్లి బతికింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది.

మధ్యలో జరిగింది రాయలేదు. అది ఆమెకొక్కదానికే తెలుసు.

పక్కింట్లో కొత్త సైకిలు బెల్లు మోగింది. అప్పటికి తనకి ఎనిమిదేళ్లు, గడియ అందుతుందా? చెక్క స్టూలు వేసుకుని తీసింది. స్టూలు బుద్ధిగా గోడవారకి జరిపి, సైకిలు చూడ్డానికి పరిగెత్తింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

పెద్దవాళ్లు అడిగితే, “తీసే ఉంది,” అని చెప్పింది.

అంతే, ఇంట్లో ఖాయమైపోయింది. అమ్మ గడియ మర్చిపోయింది.

నాన్నమ్మ పోయేదాకా ఆ మాటతోనే పొడిచింది. నాన్న పల్లెత్తు మాట అనలేదు గానీ, అమ్మ ఎప్పుడు గడియ పెట్టినా వెనకే వచ్చి ఒకసారి లాగి చూస్తాడు. అమ్మ కూడా “నా మతిమరుపు తగలెయ్యా” అనడం అలవాటు చేసుకుంది.

రెండో డ్రాఫ్టులో పెద్దపిల్ల గడియ ఊసే తీసేసింది. ‘తలుపు తీసే ఉంది’ అని రాసి, హమ్మయ్య అనుకుంది.

హమ్మయ్యా లేదు, ఏమీ లేదు. కొత్త డ్రాఫ్టు కింద పాతది కూడా పిన్ను కొట్టి ఇవ్వాలన్నది మేడమ్ పద్ధతి. రెండూ పక్కపక్కన పెట్టుకుని మరీ చదువుతుంది మహాతల్లి.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌కి పిలిపించింది.

“గడియ చప్పుడు తీసేశావేంటమ్మా?”

“అక్కర్లేదనిపించింది, మేడమ్.”

“వ్యాసం మొత్తంలో బాగున్న వాక్యం అదే. నాకు చెవిలో వినిపించింది. మళ్లీ పెట్టెయ్. పెట్టి, పిల్ల బయటికెలా వెళ్లిందో ఒక్క ముక్క రాయి. అంతే.”

అంతేనట!

ఈవిడకి తెలిసిపోయిందా? పెద్దపిల్ల భయంభయంగా ఆవిడ మొహంలోకి చూసింది. మేడమ్ అప్పటికే వేరేవాళ్ల కాగితం మీద పెన్సిలు పెట్టేసింది.

“ఇంకోటి. ఇవి ఇంట్లో ఎవరిచేతైనా చదివించి, సంతకం పెట్టించుకురా. అందరికీ చెప్తున్నాలే, నీకొక్కదానికే కాదు.”

ఇంట్లోనే ఉండే మేనత్త చేత పెట్టించాలనుకుంది. అత్త ఏదీ చదవదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేస్తుంది. బంగారంలాంటి మనిషి.

సాయంత్రం చెల్లి పక్కన చేరింది.

“ఏం రాస్తున్నావే అక్కా? అందులో నేనున్నానా?”

“ఉన్నావు.”

“కాస్త అందంగా రాయి మరి.”

పెద్దపిల్ల కాగితాలు మడిచి బ్యాగులో అడుగున కుక్కేసింది.

పొద్దున్నే స్నానం చేసి వచ్చేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. బ్యాగులో క్యారేజీ పెడుతుంటే దొరికాయట. కళ్లజోడు పెట్టుకుని, వాక్యం కింద వేలు జరుపుకుంటూ చదువుతోంది.

పైనున్న డ్రాఫ్టు కాదు. దాని కిందది.

పెద్దపిల్ల జుట్టులోంచి నీళ్లు మెడ మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

“అమ్మడూ.” అమ్మ తలెత్తలేదు. “‘అమ్మ గడియ పెట్టింది, టక్కుమని పడింది’ అని రాశావు.”

“ఊఁ.”

“గుర్తుండి రాశావా? రాతకి బాగుంటుందని రాశావా?”

రాతకేనమ్మా అంటే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఇల్లు ఇలాగే ఉంటుంది. నాన్న ఇలాగే గడియ లాగి చూస్తాడు. చెల్లి ఇలాగే అక్కా అక్కా అంటూ వెనకాలే తిరుగుతుంది.

అమ్మ వేలు ఆ వాక్యం మీదే ఉంది.

“గుర్తుండే రాశానమ్మా.”

“పెట్టానా?”

“పెట్టావు.”

“పెట్టానన్నమాట,” అంది అమ్మ. మళ్లీ అదే మాట అంది. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది.

లోపలి గదిలో చెల్లి కాలు ఈడుస్తూ తిరుగుతున్న చప్పుడు.

అమ్మ వేలు నాలుగో పేరాకి దిగింది. పక్కనున్న పెన్సిలు రాతని కూడబలుక్కుని చదివింది.

“గడియ ఎవరు తీశారు... ఇదేంటే, మీ మేడమ్ ఇలా అడిగింది?”



పెద్దపిల్ల గోడవారనున్న ఆ పాత చెక్క స్టూలుని రెండు చేతులా ఎత్తి, తీసుకెళ్లి, వీధి తలుపు దగ్గర గడియ కింద పెట్టింది.