పలక మీద మేడ

"అత్తా, జాహ్నవి ఉందా?"

వాకిట్లో కందులు చెరుగుతున్న లక్ష్మీనరసమ్మ చేట ఆపి తలెత్తింది.

గేటు దగ్గర నలభై అయిదేళ్ల మనిషి. ఎండకు మాడిన మొహం, భుజాన గుడ్డసంచి. కొనకనమిట్లలో ఆ మొహాన్ని ఆమె ఎన్నడూ చూసింది లేదు.

"ఎవురయ్యా నీకు అత్త? చూస్తే అడివి మనిషి మాదిరుండావు."

"అవునత్తా. దోర్నాల అవతల చెంచుగూడెం మాది. చెంచయ్య అంటారు."

"మళ్లీ అత్త అంటాడే! మా కోడలితో నీకేం పని?"

"హైదరాబాదులో కోటితో కలిసి పనిచేసినా. చెల్లెను ఒక్కసారి చూసి పోదామని."

లోపల జాహ్నవికి మొగుడి పేరు వినపడింది. చేతిలో ఉన్న పలకను అలాగే పట్టుకుని గడపలోకి వచ్చింది.

ఆ పలకకు ఒక కథ ఉంది.

పెళ్లయిన మూడో నెలలో కోటి హైదరాబాదు పోయాడు. అక్కడేదో ఆకాశమంత మేడ కడుతున్నారన్నారు. ఆయన పోయేనాటికి ఉన్నది గుంత ఒక్కటే, దాన్నిండా ఊటనీళ్లు. నీళ్లు తోడారు. బండ పగలగొట్టారు. ఇనుప కడ్డీలు నిలబెట్టారు. ఏ పండక్కో వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. స్లాబు పడిన ప్రతిసారీ కోటి ఫోన్ చేసేవాడు, జాహ్నవి పలక మీద బలపంతో ఒక గీత గీసేది. మధ్యలో ఎనిమిది నెలలు పని ఆగిపోతే పలక కూడా అలాగే ఆగిపోయింది. చివరికి ముప్పై ఎనిమిది గీతలయ్యాయి.

తర్వాత రంగులపని పై అంతస్తు నుంచి మొదలైంది. ఒక్కో అంతస్తు అయ్యేకొద్దీ ఒక్కో గీత చెరిపేది. ఆఖరి గీత మొన్ననే చెరిపింది. సామాన్లు లారీకెక్కించి ఆదివారానికి వస్తానన్నాడు కోటి.

ఆ మేడను ఆమె చూడలేదు. ఆమెకు తెలిసిన మేడ ఆ పలకే. ఫోన్ రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఎవరో తెలియని మనిషి గేటు దగ్గరికొచ్చి నిలబడినట్టు కలలొచ్చేవి.

ఇవాళ నిజంగానే వచ్చి నిలబడ్డాడు.

"మా ఆయనకు ఏం కాలేదు కదా?"

"ఏం కాలేదమ్మా. సుబ్బరంగా దిగినాడు."

"ఎక్కడి నుంచి దిగినాడు?"

చెంచయ్య తడబడ్డాడు.

"ఏం పని చేస్తాడో కోటి నీకు చెప్పలేదా?"

"చెప్పకేం? లోపల గదులకు రంగులేస్తాడు. ఫ్యాను కింద పని, నువ్వేం భయపడొద్దన్నాడు."

ఆ మనిషి ఆమె నిండు పొట్టను చూశాడు. 

"అవునమ్మా. లోపలే. ఫ్యాను కిందే."

"మరి నువ్వేం జేస్తావయ్యా ఆడ?" లక్ష్మీనరసమ్మ అడిగింది.

"నేనా? పైన కూచోనుంటా, అత్తా."

"కూచుంటే కూలెవురిస్తారు? ఆ పనేందో మాక్కూడా చెప్పు, నడుములు ఇరగ్గొట్టుకుంటా ఉండాం ఈడ!"

చెంచయ్య నవ్వాడు. సంచిలోంచి ఒక తేనె సీసా తీసి అరుగు మీద పెట్టాడు. తర్వాత పేపరు పొట్లం విప్పాడు. డజను పచ్చగాజులు.

"ఏడో నెలంట గదా. పుట్టింటోళ్లు తొడగాల గదా అని..."

లక్ష్మీనరసమ్మ చేట కింద పడేసి లేచింది.

"ఏందీ! పరాయి ఆడమనిషికి గాజులు తెస్తావా? దానికి పుట్టిల్లే లేదు. అమ్మా నాయనా పోయినారు, అన్నా తమ్ముడూ లేరు. ఎవురు చెప్పి పంపినారు నీకు, ఈ నాటకమాడమని?"

ఎదురింటి వాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు.

పచ్చగాజులు చూసి జాహ్నవి చెయ్యి తనంతట తనే ముందుకు కదిలింది. ఎదురింటి వాళ్లను చూసి ఆగిపోయింది. గాజులు పట్టుకున్న ఆ అరచేతుల్లో అడ్డంగా నల్లటి చారలు, కాలి మానినట్టు. ఆమెకు ఎందుకో భయమేసింది.

"మాకొద్దు. తీసుకుపోండి," అని తలుపు మూసేసింది.

"సరేమ్మా. చల్లగుండు," అన్న మాట తలుపు అవతల వినపడింది. కాసేపటికి మార్కాపురం బస్సు హారన్ వినపడింది.

పొద్దు గూకే వేళ కోటి ఫోన్ చేశాడు.

"చెంచయ్య బావ వచ్చినాడా? అన్నం పెట్టినారా? పచ్చగాజులే కావాలని కోఠి బజారంతా తిప్పినాడు నన్ను!"

జాహ్నవి మూసిన తలుపు వైపు చూసింది.

"పంపించేసినాం. ఆయన ఫోన్ నంబరియ్యి, మాట్లాడతా."

"ఆయనకు ఫోనేడిది? మేడ పని అయిపోయింది, ఇంక పట్నం రానని చెప్పి పోయినాడు. పంపించేయడమేంది?"

"ఎవరాయన?"

కోటి గొంతు తగ్గించాడు.

"నీకు అబద్ధం చెప్పినా జాహ్నవీ. లోపల కాదు, బయటి గోడలకు. ముప్పై ఎనిమిది అంతస్తులూ తాడు మీద ఏలాడతా రంగులేసినా. బెల్టులూ కొక్కేలూ ఉండాయిలే. అయినా మేడ పైన కూచోని నా తాడు మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదాయన. బీడీకి కూడా లేచేవాడు కాదు."

"ఎందుకు?"

"తేనె కోసం కొండచరియ దిగేటప్పుడు, పైన తాడు పెండ్లాం తోడబుట్టినోడే పట్టాలంట వాళ్లల్లో. చెల్లెలి బొట్టు గదా, వాడైతే వదలడంట. నేను తాడు మీద దిగే మొదటిరోజే అడిగినాడు, నీకు బావమరుదులు ఉండారా అని."

జాహ్నవి ఖాళీ పలకను గుండెకు అదుముకుంది.

"‘ఎవురూ లేరు, నా పెండ్లాం ఒక్కతే’ అని చెప్పినా. ‘పేరేంది?’ అని అడిగి, ‘ఈ పొద్దు నుంచి జాహ్నవికి నేనుండా, నువ్వు దిగు’ అని తాడు చేతికి చుట్టుకున్నాడు."