రోడ్డుకీ బురదకీ ఒకే బండి

"ఆ తెల్లబండి వద్దండీ," అంది ఆవిడ.

"నేనూ అదే అనబోతున్నాను," అన్నాడు ఆయన. "పైకి నిగనిగలాడుతోంది గానీ, ఉప్పుగాలికి కిందంతా ఎలా తుప్పు పట్టిందో చూడండి."

ఇద్దరూ ఒకేసారి వంగి బండి కిందకి చూశారు. ఒకేసారి పెదవి విరిచారు.

పక్కనే నిలబడ్డ నాగసతీష్‌కి నవ్వొచ్చింది. అమలాపురం నుంచి కొత్తపేట వెళ్ళే రోడ్డు మీద పాత బళ్ళు అమ్ముతుంటాడతను. భార్యాభర్తలు కలిసొస్తే బేరం ఓ పట్టాన తెగదని అతని అనుభవం. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు. ఇందాక షేర్ ఆటోలోంచి దిగిన ఈ జంట మాత్రం వేరేగా ఉంది. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి.

"పొద్దున్న ఫోన్ చేసేరు కదండీ, ఫోర్ వీల్ డ్రైవ్ కావాలని?" అడిగాడు.

"ఆయ్," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"అయితే మీరు చూడాల్సింది ఇదండి," అంటూ షెడ్డు చివరికి తీసుకెళ్ళి ఓ ఆకుపచ్చ జీపు మీద కప్పిన పట్టా లాగేశాడు.

ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. ఆయన బానెట్ ఎత్తించాడు. ఆవిడ గొంతుక్కూర్చుని టైర్ల అరుగుదల తడిమి చూసింది.

"రోజూ తాటిపాక దాకా వెళ్ళి రావాలండీ," అన్నాడు ఆయన. "తారురోడ్డు మీద నడుం విరగ్గొట్టకూడదు. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్నాయి, వారానికోసారి ఆ గట్లూ ఎక్కాలి."

"కుదుపుల సంగతి సరేనండీ, లంకల్లో బురదలోంచి బయటపడుతుందా లేదా?" అంది ఆవిడ.

"రోడ్డుకీ బురదకీ ఒకే బండంటే కష్టమేనండి. కానీ ఇది రెంటికీ పనికొస్తుందండి. నడిపి చూడండి!" అన్నాడు నాగసతీష్.

"ముందు మీరు నడపండి," అన్నాడు ఆయన.

"అబ్బే, రోడ్డు మీద మీరు నడపండి. బురద వచ్చాక నేను తీసుకుంటాను," అంది ఆవిడ.

వెనకసీట్లో కూర్చున్న నాగసతీష్ ఆశ్చర్యపోయాడు. ఇంటావిణ్ణి 'మీరు' అంటున్నాడీయన! తనైతే 'ఏయ్' అని తప్ప పిలిచి ఎరగడు. ఆదివారం దిండి వెళ్ళి పడవెక్కుదామని భార్య రమ్యశ్రీ రాత్రి అడిగితే, "షాపు ఎవడు చూస్తాడు?" అని కసిరాడు. పొద్దున్న రమ్యశ్రీ టిఫిను ప్లేటు విసురుగా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

రోడ్డు మీద జీపు హాయిగా పరిగెత్తింది. "మూడో గేరు కాస్త బిగుతుగా ఉంది," అన్నాడు ఆయన. "అలవాటైతే అదే దారికొస్తుంది లెండి," అంది ఆవిడ. కాలువగట్టు దగ్గర సీట్లు మారారు. ముందురోజు వానకి కొబ్బరితోటల మధ్య దారంతా చిత్తడిగా ఉంది. కొంత దూరం వెళ్ళేసరికి వెనకచక్రాలు దిగబడ్డాయి.

ఆయన ప్యాంటు మడిచి, గబుక్కున దిగి, బండి వెనక్కి వెళ్ళాడు. ఆవిడ గేరు పక్కనున్న చిన్న రాడ్ లాగి నాలుగు చక్రాలకీ పని చెప్పింది.

"మెల్లగా! అలా తొక్కేయకండి!"

"నాకు తెలుసండీ! మీరు పక్కకి జరగండి, బురద మీద పడుతుంది!"

"పడనివ్వండి!"

జీపు ఒక్క ఊపున గట్టెక్కింది. ఆయన తలనుంచి కాళ్ళదాకా బురదే. ఆవిడ దిగొచ్చి, ఆయన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక ఆగలేక పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు.

"కళ్ళజోడు ఇలా ఇవ్వండి," అని తీసుకుని, సీసాలో నీళ్ళతో కడిగి, పైట చెంగుతో తుడిచి ఇచ్చింది.

నాగసతీష్‌కి మనసులో ఏదో కదిలింది. అవతలికి నడిచి ఫోన్ తీశాడు.

"రమ్యా, ఆదివారం షాపు మూసేస్తున్నాను. దిండి వెళ్దాం."

"ఎండదెబ్బ ఏమైనా తగిలిందా?" అంది రమ్యశ్రీ.

"లేదే... లేదండీ! ఇక్కడ ఓ జంటని చూస్తున్నాను. మనం కూడా అలా ఉండాలనిపించింది."

అవతల కిసుక్కున నవ్వు వినిపించింది.

అతను తిరిగొచ్చేసరికి ఆవిడ జీపు తలుపుని గుర్రాన్ని తట్టినట్టు తడుతోంది.

"పశువుల డాక్టర్నండీ నేను," అంది అతనితో. "పోయిన వానల్లో లంకలో గేదె ఈనలేకపోతోందని కబురొచ్చింది. నా స్కూటీ దారిలో కూరుకుపోయింది. నడిచి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది, గేదె దక్కలేదు. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా బాధ. ఈ బండి అప్పుడుంటేనా!"

ఆయన ఆవిడకేసి చూస్తూ ఉండిపోయాడు. బురద తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక నాగసతీష్ అడిగాడు, "బండి ఎవరి పేరు మీద రాయమంటారండి?"

"ఆవిడ పేరు మీదే," అన్నాడు ఆయన వెంటనే.

ఆవిడ తెల్లబోయింది. "మరి మీరు?"

"నాదేముందండీ, తారురోడ్డు మీద తిరిగేవాణ్ణి. చెరువులకి వెళ్ళే రోజున మీరే దింపేద్దురు గాని."

ఆవిడ మొహం విప్పారింది. "తప్పకుండానండీ! కూరుకుపోతే తోయడానికి మనిషి ఉండాలిగా!"

ఇద్దరూ మళ్ళీ నవ్వుకున్నారు. ఇన్నేళ్ళొచ్చినా ఈ సరసమేమిటో అని ముచ్చటపడుతూ నాగసతీష్ పెన్ను తీశాడు.

"మేడమ్‌గారి పేరు చెప్పండి సార్."

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"ఇంతకీ మీ పేరేమిటండీ?"