గిటారు మంచిదే

రాధారాణి ఆన్‌లైన్లో తెప్పించుకున్న చవక బేస్ గిటారు బెంగాల్‌లో, ఖరిదాలోని వాళ్లింటికి వచ్చింది. "ఎలాగుందో సూడు బావా" అని విప్పగానే మొగుడి చేతికే ఇచ్చింది.

రైల్వే కాలనీ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేది గిరిబాబే. పెళ్లానికి నేర్పిందీ అతనే. కానీ ఈమధ్య రిహార్సల్‌కి వెళ్తే బెంగాలీ కుర్రాళ్లు "బౌదీ రాలేదా దాదా?" అని ముందు వదిననే అడుగుతున్నారు. అది అతనికి ముల్లులా గుచ్చుకుంటోంది.

వంక దొరకాలనే చూశాడు, దొరికింది. మెడ కాస్త వంగి ఉంది. తీగ నొక్కితే గర్రుమంటోంది. యాంప్‌ లేకపోతే పక్క గదిలోకే వినబడదు.

"వాపసు పంపించీ. దీన్ని ఎవులూ వాయించలేరు" అన్నాడు, సంతోషం దాచుకుంటూ.

రాధారాణి దాన్ని ఒళ్లోకి తీసుకుని, యాంప్‌ పెట్టి, వేలు కాస్త జరిపి మెల్లగా మీటింది. గర్రుమన్న తీగే నిండుగా పలికింది. వీధిలో పోతున్న పక్కింటి దీదీ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

బాగా వాయించినావు అన్న మాట నోటిదాకా వచ్చింది గానీ, గిరిబాబు మింగేశాడు. "గిటారు మంచిదేనే. నేనే సరిగ్గా సూడలేదు. ఇలాటిది ఉంటే ఎవులైనా వాయిస్తారు."

ఆమె మొహం వెలిగింది. "అంత మంచిదైతే నువ్వే ఉంచుకో బావా. నాకు నీ పాతది సాలు."

కొత్తదాన్ని అతని చేతిలో పెట్టేసింది. ఆమె గోడనున్న అతని గిటారు దించి, యాంప్‌కి తగిలించి మీటింది. ఇన్నేళ్లూ తన చేతిలో ఉన్నది అలా పలకగలదని గిరిబాబుకి అప్పుడే తెలిసింది.